అన్న కోసం మేపిన పొట్టేలు

పొట్టేలును మేపడం తెలియదని ఒప్పుకునే మగవాడు మా వైపు లేడు. చింతామణి సంతలో ఒక పూట నిలబడి చూస్తే చాలు. ప్రతివాడూ వచ్చి గొర్రె నడుము మీద చెయ్యేస్తాడు, తోక మొదట్లో నొక్కుతాడు, పెదవి విరుస్తాడు, తోలు కింద ఏముందో కళ్ళారా చూసినట్టు మాట్లాడతాడు. నేనూ అట్లాగే మాట్లాడేవాణ్ణి. ఒక పొట్టేలును నా చేత్తో కట్టి మేపి, దాన్ని కోసిన నాడు పక్కనే నిలబడి చూశాక నోరు కాస్త అదుపులోకి వచ్చింది. పూర్తిగా రాలేదు. నా నోటి సంగతి మా ఊళ్ళో అందరికీ తెలిసిందే.

మా ఊరు బట్లహళ్ళి దాటాక దారి విడిచి లోపలికి ఉంటుంది. మా నాయనకు ఇద్దరమే కొడుకులం, అన్న, నేను. నాయన పోయాక కొంతకాలం కలిసే ఉన్నాం. అన్నకు భార్య, పిల్లలు ఉన్నారు. నాకూ భార్య ఉండేది. తొలి కాన్పులో తనూ పోయింది, బిడ్డా పోయింది. మళ్ళీ చేసుకోమని అందరూ చెప్పారు. చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాను. అసలు కారణం ఏమిటో నాకూ తెలియదు.

భాగాల మాట ఎత్తింది నేనే. అన్న ఇంట్లో తిని, వదిన వడ్డించింది తిని, పిల్లలు ఆయన చుట్టూ తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. పెద్దమనుషులు చీట్లు వేయించారు. బావి, బావి కింద మల్బరీ తోట అన్న పాలికి వచ్చాయి. గుట్ట కింద మెట్ట చేను నాకు వచ్చింది. చీటీ తీసింది నా చెయ్యే, కోపం మాత్రం అన్న మీదికి పోయింది. బావి నీళ్ళు అప్పుడప్పుడూ ఒక పూట నా చేనుకు పారనియ్యమన్నాను. ఆయన "చూద్దాంలేరా" అన్నాడు. ఆ మాట నాకు గిట్టలేదు. నేను అనకూడనిది ఒకటి అన్నాను. ఆయన పై గుడ్డ దులుపుకొని లేచిపోయాడు. అన్నదమ్ముల మధ్య అదే ఆఖరి మాట అయింది. ఇంటి నడుమ మట్టిగోడ లేచింది. వీధి తలుపు ఆయనకు, వెనక సందులోకి తీసిన కొత్త తలుపు నాకు.

ఒంటి మగవాడికి ఇల్లంటే ఏమిటో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రాగి సంకటి ఒక్కడికి సరిపడా కెలకడం కుదరదు, కుండ అడుగున మాడుతుంది. అందుకని ఇద్దరికి సరిపడా కెలికేవాణ్ణి. రెండో ముద్ద పొద్దున మజ్జిగలో పిసుక్కొని తాగేవాణ్ణి. ఇంట్లో మాట వినిపించేది గోడ అవతలి నుంచే. పిల్లలు కొట్టుకోవడం, వదిన కసరడం, అన్న దగ్గడం. పట్టుపురుగుల తట్టలు పెట్టిన గది నా గోడకు ఆనుకునే ఉండేది. పట్టుపురుగులు బాగా ఆకు తినే రోజుల్లో గోడకు చెవి ఆనిస్తే సన్నటి వాన పడినట్టు చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవాణ్ణి. ఎవరైనా చూసుంటే పిచ్చివాడనేవాళ్ళు. చూడ్డానికి ఎవరూ లేరు కాబట్టి ఆ బెంగ లేదు.

అన్నీ రెండు చేసిన పెద్దమనుషులు ఒక్కదాన్ని మాత్రం రెండు చెయ్యలేదు. అది మా ఇంటి దేవర. మూడేళ్ళకొకసారి ఇంటి దేవతకు పొట్టేలును కొయ్యడం మా తాతల నాటి నుంచి ఉంది. ఆస్తి పంచుకున్నా దేవరను పంచుకోకూడదు. ఒకసారి అన్న వంతు, ఒకసారి తమ్ముడి వంతు. ఎవరి వంతైతే వాళ్ళు పొట్టేలును మేపాలి. కోసిన రోజున ఒకే పొయ్యి, ఒకే కుండ. రెండిళ్ళవాళ్ళూ ఆ కుండలో కూర తినాలి. ఇంటికి పెద్దవాడు మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాకే మిగతావాళ్ళు చెయ్యి కదిలించాలి. ఆ రోజు వచ్చి కూర్చోకపోయినా, కూర్చుని తినకపోయినా వాళ్ళు తెగిపోయినట్టే. ఆ తర్వాత ఒకరి చావుకు ఇంకొకరు అంటు పట్టరు, పాడె మొయ్యరు. నాకు కొడుకు లేడు. నేను పోతే కొరివి పెట్టాల్సింది అన్న కొడుకే. అన్న తినకపోతే నేను ఊరి మీద శవాన్ని. ఇదంతా నాకు తెలుసు. కానీ నిజం చెప్పాలంటే కొరివి సంగతి కూడా తర్వాతే. అన్న నా ఇంటికి వచ్చి, నా కుండలోది తినాలి. అంతే నాకు కావలసింది.

భాగాలయ్యాక వచ్చిన మొదటి దేవర నా వంతుకు పడింది.

గుట్ట మీద మేసే మందలోంచి మంచి పొట్టేలు పిల్లను ఏరుకొచ్చాను. అప్పుడే పాలు మరిచింది. పొడుగు కాళ్ళు, లోపలికి లాక్కుపోయిన పొట్ట. గుట్ట మేత పిల్లలన్నీ అట్లాగే ఉంటాయి. పొద్దస్తమానం నడుస్తాయి, దొరికిన గడ్డి పరక, రాలిన తుమ్మకాయ తింటాయి. ఎముక గట్టిగా ఉంటుంది, మాంసం నారలుగా ఉంటుంది, కొవ్వు మాత్రం వెతికినా దొరకదు. అటువంటి మాంసం అన్నకు పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఎందుకంటే అన్నకు కొవ్వంటే ప్రాణం. చిన్నప్పుడు దేవర జరిగితే, నాయన మూత్రపిండాల చుట్టూ ఉండే తెల్ల కొవ్వును విడిగా తీసి పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాల్చేవాడు. అది అన్నది. నాకు ఆ వాసనే పడేది కాదు. అన్న తన విస్తట్లోని ఎర్రకండ ముక్కలన్నీ నా వైపు తోసి, నా విస్తట్లోని కొవ్వు ముక్కలు తను లాక్కునేవాడు. వేడి సంకటి ముద్దను కరిగిన కొవ్వులో అద్దుకొని కళ్ళు మూసుకొని మింగేవాడు. ఆ ముఖం నాకు బాగా గుర్తు. మాటల్లేని ఆ రోజులన్నీ అన్న అంటే నా కంటికి కనిపించింది ఆ ముఖమే. అందుకే కొవ్వు కోసమే మేపాలని మొదటి రోజే అనుకున్నాను.

వసారాలో కొయ్య పాతి కట్టేశాను. నడక లేదు, గుట్ట లేదు. పొద్దున ఉడకబెట్టిన ఉలవలు, మధ్యాహ్నం రాగి చొప్ప, సాయంత్రం నూనె తీసిన వేరుశనగ చెక్క. చెక్క చింతామణి గానుగ నుంచి తెచ్చి, నానబెట్టి, రాగి పిండితో కలిపి ముద్దలు చేసేవాణ్ణి. కొన్నాళ్ళు తనే తిన్నది. తర్వాత కడుపు నిండితే మూతి తిప్పుకునేది. అప్పుడు దవడ పక్కన వేలు పెట్టి నోరు తెరిపించి ముద్ద లోపలికి తోసి, గొంతు నిమిరేవాణ్ణి. మా వైపు దేవర పొట్టేళ్ళను ఇట్లాగే మేపుతారు. ఇంట్లో ఆడవాళ్ళు ఉంటే వాళ్ళు చేసే పని ఇది. మా ఇంట్లో నేనే చేశాను. ముద్ద ముద్దకీ దానితో మాట్లాడేవాణ్ణి. తెల్లారి లేచి ఇంకో ప్రాణితో మాట్లాడటం ఎంత బాగుంటుందో అప్పటికి మరిచిపోయి ఉన్నాను.

పిల్ల మొదట పొడుగు సాగింది, కాళ్ళు లావయ్యాయి, ఛాతీ వెడల్పయింది. వేసిన ప్రతి ముద్దా ఎముకలోకీ కండలోకీ పోతున్నట్టు తెలిసేది. తర్వాత ఎదుగుదల ఆగింది, ఒళ్ళు మాత్రం ఆగలేదు. వెన్నెముక మీద చెయ్యేస్తే ఒక్కొక్క ఎముకా తగిలేది మొదట్లో. రానురాను వేళ్ళకు ఎముక అందలేదు, మెత్తగా దిగబడేవి. తోక మొదలు గుండ్రంగా ఉబ్బింది. బొచ్చు నూనె రాసినట్టు మెరిసింది. లేవడానికి బద్ధకించేది, లేచినా రొప్పేది. నేను చూసి మురిసిపోయాను. ఆ తర్వాత ఎన్నో గొర్రెల్ని సాకాను కాబట్టి ఇప్పుడు చెప్పగలను. ఎదిగే వయసు దాటిన గొర్రెకు గింజలూ చెక్కా పెట్టి కట్టేస్తే అది ఎదగదు, కొవ్వెక్కుతుంది. ఆ కొవ్వు కూడా ముందు కడుపులో, మూత్రపిండాల చుట్టూ పేరుకొని, తర్వాతే తోలు కిందికి వస్తుంది. బయటి నుంచి చూసేవాడికి కండా కొవ్వూ రెండూ ఒకే గుండ్రం. వొట్టి చొప్ప తిన్నదానికి పొట్ట బానలాగా ఉంటుంది, తొడలు ఎండు కట్టెలు. ఆకు తిన్నదాని సంగతి వేరు. పట్టుపురుగులు తిని మిగిల్చిన మల్బరీ ఆకు, మా వైపు రేష్మాకంటారు, అది మేపితే ఎదుగుదల నిదానంగా ఉంటుంది కానీ వచ్చేదంతా కండే, నడుము మీదా తొడలోనూ గట్టిగా పడుతుంది. కొవ్వు పలచగా ఉల్లిపొరంత ఉంటుంది.

ఈ ఆకు సంగతి నాకు ఆ రోజుల్లోనే ఒకరు చెప్పారు. చెప్పింది వదిన. నాతో చెప్పలేదు, తన బర్రెతో చెప్పింది.

మా వైపు మాటల్లేని ఇళ్ళ మధ్య అట్లాగే నడుస్తుంది. ఆవుకో కోడికో చెప్పినట్టు గట్టిగా చెబితే, వినాల్సినవాళ్ళు వింటారు. ఒకరోజు గోడ అవతల బర్రెకు చొప్ప వేస్తూ వదిన గొంతు పెంచింది.

"ఏమే, మనింట్లో మిగిలిన రేష్మాకంతా పెంటలోకి పోతాండాది. గొర్రెకు ఆకేస్తే కండ పడతాది, చెక్కేస్తే వొట్టి కొవ్వే. ఎవురికైనా కావల్నంటే గోడ మీద గంప పెడతాను, తీసుకోమను."

నాకు ఒళ్ళు మండింది. బావి వాళ్ళది, తోట వాళ్ళది, మిగిలిన ఆకు నాకు బిచ్చం. పొట్టేలు వైపు తిరిగి నేనూ గొంతు పెంచాను.

"ఏరా, నీకు బావి కింది ఆకు కావల్నా? మన పాలుకు రానిదాన్ని మనము ముట్టేది లేదు. మన చేన్లో చెనక్కాయలుండాయి, చెక్కుండాది, ఉలవలుండాయి. అది తిని బలిసిందే బలుపు."

అవతల బర్రె ముందు చొప్ప పడిన చప్పుడయింది. తర్వాత వదిన బర్రెతో, "అట్లగాదే, చెప్పేది వింటే ఏం పోతాది" అంది, మెల్లగా. గోడ మీద గంప మాత్రం పెట్టింది. మరునాడూ పెట్టింది. ఆకు వాడి, ఎండి, గాలికి నా వాకిట్లో రాలితే ఊడ్చి పారేశాను. కొన్నాళ్ళకు గంప రావడం ఆగింది. గెలిచానని అనుకుని ఆ పూట పొట్టేలుకు ఒక ముద్ద ఎక్కువ పెట్టాను.

ఆ ఎండాకాలం అన్నను రెండు మూడుసార్లు దూరం నుంచి చూశాను. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. మనిషి నల్లబడ్డాడు. ఒకసారి తెల్లవారుజామున వదినా ఆయనా చిక్కబళ్ళాపురం బస్సుకు పోతుంటే సందు చివర నిలబడి చూశాను. వదిన చేతిలో గుడ్డ సంచి ఉంది. పట్టుగూళ్ళు అమ్మిన డబ్బుతో ఏదో కొనడానికి పోతున్నారనుకున్నాను. ఇద్దరూ కలిసి బస్సెక్కి పోవడం చూస్తే నాకు ఎంత బాధ కలిగిందో చెప్పలేను. ఆయన మీద కోపంతో కాదు. నా పక్కన సంచి పట్టుకొని నడిచే మనిషి లేదని.

దేవర రోజు వచ్చింది. అన్న వస్తాడో రాడో అని ముందు రోజు నుంచీ ఒకటే గుబులు. పొద్దున్నే వదిన సందులోంచి చుట్టూ తిరిగి నా వాకిట్లోకి వచ్చింది. నాకు ఆడదిక్కు లేదు కాబట్టి వంట తనే చెయ్యాలి. అది ఆచారం, దానికి మాటలక్కర్లేదు. కొంగు నడుముకు బిగించి పొయ్యి ముందు రాళ్ళు సర్దుకుంది. ఆమె రావడం చూసి అన్న కూడా వస్తాడని నాకు ధైర్యం చిక్కింది.

పూజయింది. తల మీద నీళ్ళు పోస్తే పొట్టేలు ఒళ్ళు విదిలించి దులుపుకుంది, దేవత ఒప్పుకుందన్నారు. కోశారు. నేను చూడలేననుకున్నాను, చూశాను. అన్నాళ్ళు గొంతు నిమిరిన చెయ్యి నాది, ఇంకెక్కడికి పోతాను.

తోలు ఒలుస్తుంటే కింద తెల్లగా కనబడింది. చుట్టూ చేరినవాళ్ళు ముందు అబ్బా అన్నారు. ఇంకాస్త ఒలిచాక వంగి వేలితో నొక్కి చూశారు. వీపు పొడుగునా అరచేయి మందాన కొవ్వు. పొట్ట చీల్చితే పేగుల మీద పొరకొవ్వు దుప్పటిలా కప్పుకొని ఉంది. మూత్రపిండాలు రెండూ కొవ్వు ముద్దల్లో మునిగిపోయి కనిపించనే లేదు. తొడ కోస్తే కండ నడుమ కూడా తెల్లటి చారలు. కోసేవాడు కత్తి తుడుచుకొని నా వైపు చూసి నవ్వాడు.

"ఏమప్పా, పొట్టేలును మేపినావా, గానుగను మేపినావా? కూర యాడుండాది దీంట్లో? వెతుక్కోవల్ల."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు అది వేళాకోళం కాదు, మెప్పు. అన్న కళ్ళు మూసుకొని మింగే ముఖం నా కళ్ళముందే ఉంది. కొవ్వులో మంచి భాగం విడిగా తీయించి పళ్ళెంలో పెట్టి వదిన ముందు ఉంచాను. అన్నకు నిప్పుల మీద కాల్చమని సైగ చేశాను. ఇంకా మాటల్లేవు కదా.

వదిన ఆ పళ్ళెం చూసి చేతిలోని ఉల్లిపాయ కింద పెట్టింది. అప్పుడు నా ముఖం చూసి, భాగాలయ్యాక మొదటిసారి, నాతోనే మాట్లాడింది.

"మీ అన్నకు కామెర్లప్పా. ఎండాకాలం ముందర్నుంచీ. చిక్కబళ్ళాపురం పెద్దాస్పత్రిలో చూపిస్తాండాము. కొవ్వు వాసన కూడా తగలకూడదన్నారు. మజ్జిగా సంకటితోనే ఉండాడు."

నేను పళ్ళెం వైపే చూస్తున్నాను.

"ఆకెయ్యమని చెప్తే నువ్వు వినకపోతివి."

"కామెర్లని చెప్పుంటే విననా నేను?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. చెప్తే వాడు దేవర నిలిపేస్తాడు, నిలిపితే ఇద్దరమూ ఒక చోట కూర్చోని తినేది మళ్ళా యాడ, అన్నాడు. నేనేం చేసేది?"

అక్కడే గోడకు ఆనుకొని కూర్చున్నాను. తప్పెవరిదని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ ఆకు గంప గోడ మీద పెట్టిన మనిషికి ఎంత భయముండిందో, ఎంత ఆశ ఉండిందో ఇప్పటికీ తలచుకుంటూనే ఉంటాను.

కుండ ఒక్కటే. వేరే కుండలో వండి పెట్టడానికి లేదు, వేరే మాంసం కలపడానికి లేదు. వదినా నేనూ పని మొదలుపెట్టాం. ముక్క ముక్కకీ కొవ్వు కోసి తీసేశాం. కండలో చారలున్నది ఎట్లా తీస్తాం? కూర ఉడుకుతుంటే పైన నూనె తేలింది. గరిటెతో తీసి చెంబులో పోశాను. మళ్ళీ తేలింది. మళ్ళీ తీశాను. చెంబు నిండింది, ఇంకో చెంబు తెచ్చాను. నెలల తరబడి నేను ముద్ద ముద్దగా లోపలికి తోసిందంతా ఇప్పుడు గరిటె గరిటెగా బయటికి తీస్తున్నాను, అది తరగడం లేదు. పొయ్యి సెగకు కళ్ళు మండుతున్నాయని వదినతో చెప్పాను. ఆమె కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

పొద్దు నడినెత్తి దాటాక అన్న వచ్చాడు. వీధంతా చుట్టి, సందులోంచి, పిల్లల భుజాల మీద చెయ్యేసుకొని నడిచి వచ్చాడు. దగ్గరగా చూస్తే కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. అయినా తల దువ్వుకొని, ఉతికిన పంచె కట్టుకొని వచ్చాడు. నా ఇంటి గడప దాటేటప్పుడు చెయ్యెత్తి వాసం తాకి చూశాడు. కొత్త తలుపు కదా, ఆయన చూడ్డం అదే మొదలు. నా వైపు చూడలేదు. పెద్ద విస్తరి ముందు కూర్చున్నాడు. ఊరి పెద్దలు అటూ ఇటూ కూర్చున్నారు. ఎదురుగా నేను.

వదిన సంకటి ముద్ద పెట్టి, కూరలో ఏరి ఏరి ఒక చిన్న ముక్క వేసింది. ఎంత తీసినా పులుసు మెరుస్తూనే ఉంది. అందరి చేతులూ ఆగాయి. పెద్దవాడి చెయ్యి ముక్క మీదికి పోయింది.

ఏడాది పొడుగునా నేను కోరుకున్నది అదొక్కటే. ఆ చెయ్యి పైకి లేస్తుంటే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"అన్నా, తినొద్దు."

పెద్దమనిషి ఒకాయన నా వైపు తిరిగాడు. "ఏం మాటప్పా అది? దేవర కూడు తినొద్దంటావా? తినకపోతే ఏమవుతాదో తెలిసే అంటాండావా?"

"తెలుసు. తినకపోతే పోనీ. తెగితే తెగనీ. ఆయప్పకు ఒళ్ళు బాగలేదు."

అన్న అప్పుడు నా ముఖం చూశాడు. ఏమీ కోపం లేదు ఆయన ముఖంలో. ఎప్పుడూ ఉండేది కాదు, అదే నా బాధ.

"దేవరదిరా. పైగా నువ్వు మేపిండేది" అన్నాడు. అని ముక్క నోట్లో పెట్టుకున్నాడు. సంకటి ముద్దలో ఇంత తుంచి పులుసులో అద్దుకొని అదీ మింగాడు. కళ్ళు మూసుకోలేదు. నీళ్ళు తాగి, "ఉప్పు సరిపోయుండాది" అని వదినతో అన్నాడు. ఆ తర్వాత మిగతావాళ్ళు తినడం మొదలుపెట్టారు. ఆయన చూస్తున్నాడని నేనూ నా ముద్ద మింగాను.

సాయంత్రం జనం పోయాక ఒక్కణ్ణే కుండలు కడుగుతుంటే గోడ అవతల అన్న కక్కుతున్న చప్పుడు వినబడింది. ఆగి ఆగి, కడుపు మెలిపెట్టినట్టు. వదిన నీళ్ళు నీళ్ళు అంటోంది. నేను చేతులు కూడా తుడుచుకోకుండా సందులోకి వెళ్ళాను. వీధి చుట్టి అన్న తలుపు దగ్గరికి పరుగెత్తాను. తలుపు తీసే ఉంది. అన్న మంచం మీద పక్కకు తిరిగి పడుకొని ఉన్నాడు. నన్ను చూసి కాళ్ళు ముడుచుకొని చోటిచ్చాడు. కూర్చున్నాను. ఆయన కాళ్ళు ఎముకలే.

"మళ్ళా దేవర నా వంతురా" అన్నాడు, ఆయాసపడుతూ. "నేను ఆకు మేపుతా. కొవ్వు లేదని నువ్వు మూతి తిప్పుకోవద్దు."

"నేనెప్పుడు కొవ్వు తిన్నానన్నా? నీకు గుర్తులేదా?"

"ఉండాదిలే" అన్నాడు.

ఆ పూట చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. ఏడ్చాను కూడా. ఆయన చూడనట్టు గోడ వైపు తిరిగాడు. ఆ తర్వాత రోజూ పోయేవాణ్ణి. బావి సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండేళ్ళు అట్లా గడిచాయి. కామెర్లు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చాయి. ఒక చలికాలంలో ఆయన పోయాడు. దేవర కూటికీ దానికీ సంబంధం లేదని ఆస్పత్రిలో చెప్పారు. వదిన కూడా అదే చెప్పింది, చాలాసార్లు చెప్పింది. చెప్పనిచ్చాను.

అప్పటికే పొట్టేలు పిల్ల వాళ్ళింట్లో ఉంది. ఆయనే ఏరి తెచ్చి కట్టింది. ఆయన పోయినా వదిన దానికి రోజూ ఆకే వేసింది. తట్టల్లో మిగిలిన ఆకులో పుల్లలు ఏరేసి, వాడిపోకుండా తడిగుడ్డ కప్పి ఉంచి వేసేది. ఇంకెవరి కోసం ఆకు, చెక్క పెడితే తొందరగా బలుస్తుంది కదా అని ఊళ్ళో ఎవరో అంటే ఆమె తడిగుడ్డ తీసి ఇంకో గుప్పెడు ఆకు వేసింది. ఏడాది అంటు గడిచాక, దేవర రోజున దాన్ని కోస్తుంటే దగ్గర నిలబడి చూశాను. తోలు కింద ఎర్రగా ఉంది. నడుము మీద గట్టి కండ, తొడలో గట్టి కండ. మూత్రపిండాలు రెండూ బయటికే కనబడ్డాయి. కూర ఉడికితే నూనె తేలలేదు.

పెద్ద విస్తరి ఈసారి నా ముందు వేశారు. ఇంటికి పెద్దవాణ్ణి ఇప్పుడు నేనే. అందరి చేతులూ ఆగి నా కోసం చూస్తున్నాయి. వదిన కుండలో ఏరకుండా, చేతికొచ్చిన ముక్క వేసింది. నోట్లో పెట్టుకున్నాను. మెత్తగా ఉంది, రుచిగా ఉంది, కొవ్వు లేదు. అన్న తినగలిగే మాంసం అది.